పార్కు స్టేషన్‌లో బండి మారాలి

మద్రాసులో కాపురం చేసొచ్చిన తెలుగు ఇళ్ళలో "ఎలక్ట్రిక్ ట్రైను" అంటే ఒకటే అర్థం. బొంబాయి లోకల్ కాదు, ఢిల్లీ వెళ్ళే కరెంటు రైలూ కాదు. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా మీటర్ గేజి పట్టాల మీద, సన్నటి పెట్టెలతో రోజంతా అటూ ఇటూ తిరిగిన బండి. 1931లో మొదలైంది. 2004 జులై 1న ఆగిపోయింది. డెబ్భై మూడేళ్ళ పాటు మూడు తరాల వాళ్ళు దాన్ని ఎక్కారు. మా అత్తింట్లో కూడా సరిగ్గా మూడు తరాలే.

ఈ బండి గురించి రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు చాలా రాశారు. మావారు అవన్నీ వెతుక్కుని మరీ చదువుతారు. ఎన్ని వోల్టులు, ఏ సంవత్సరం ఏ ఇంజను, అన్నీ ఉంటాయి అందులో. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ లెక్కలు రాసి పెట్టకపోతే నాకూ ఏమీ తెలిసేది కాదు. కానీ ఆ బండి వచ్చాక ఇళ్ళలో పొయ్యి ఎన్నింటికి వెలిగింది, మధ్యాహ్నం అన్నం ఎవరు ఎక్కడ తిన్నారు, ఆడవాళ్ళు ఎంత దూరం వెళ్ళగలిగారు, ఇవి మాత్రం ఎవరూ రాయలేదనిపించింది. ఆ లెక్కలు మా అత్తగారి దగ్గరా, ఆవిడ ద్వారా విన్న మామ్మగారి మాటల్లోనూ ఉన్నాయి. (మామ్మగారంటే మా మావగారి అమ్మగారు. నేను కోడలిగా వచ్చేటప్పటికి ఆవిడ లేరు.)

మద్రాసుకి కరెంటు బండి కొత్తేమీ కాదు. రోడ్డు మీద కరెంటుతో నడిచే ట్రాములు 1895లోనే వచ్చాయి అక్కడ. దేశంలో అవే మొదటివి. అవి 1953 దాకా తిరిగాయి. కానీ ట్రాము ఊళ్ళో తిరిగేది. ఊరు దాటి దక్షిణంగా వెళ్ళాలంటే సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళ పొగబండే దిక్కు. బొగ్గింజను బండితో ఒక తంటా ఉంది. తాంబరం చేరాక ఇంజను ఊడదీసి, పక్క పట్టాల మీద నుంచి తిప్పి తెచ్చి, రెండో కొసకి తగిలించాలి. నీళ్ళు పట్టాలి. మాటిమాటికీ ఆగే దగ్గర దగ్గర స్టేషన్ల మధ్య అది వేగం అందుకునే లోపే మళ్ళీ బ్రేకు వెయ్యాలి. పది నిమిషాలకో బండి కావాలంటే ఆ పద్ధతిలో కుదరదు.

బొంబాయి వాళ్ళు ఈ చిక్కు ముందే విప్పుకున్నారు. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకి దేశంలోనే మొదటి కరెంటు రైలు వెళ్ళింది. 1928లో చర్చిగేటు, బోరివిలీ మధ్య ఇంకో కంపెనీ నడిపింది. ఆ తర్వాత వంతు మద్రాసుది. అప్పట్లో రైల్వే కంపెనీ పెద్దని ఏజెంటు అనేవారు. సౌత్ ఇండియన్ రైల్వే ఏజెంటు సర్ పెర్సీ రోథెరా ఈ పని తలకెత్తుకున్నాడు. 1931లో గవర్నరు సర్ జార్జి ఫ్రెడరిక్ స్టాన్లీ చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరిగింది. సుమారు ముప్ఫై కిలోమీటర్ల దారి, తల మీద తీగలో 1500 వోల్టుల డి.సి. కరెంటు. ఇంజను వేరే లేదు. కొన్ని పెట్టెల కిందే మోటార్లు ఉంటాయి, రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది. కొస స్టేషన్ చేరాక డ్రైవరు తన సంచీ తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళితే చాలు, బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం.

బొంబాయి బండ్లకీ దీనికీ పెద్ద తేడా గేజి. బ్రాడ్ గేజి పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. మీటర్ గేజి పేరులోనే ఉంది, 1000 మిల్లీమీటర్లు. 1870లలో సర్కారు వారు ఖర్చు తగ్గుతుందని ఈ చిన్న గేజి మొదలుపెట్టారు. తమాషా ఏమిటంటే సౌత్ ఇండియన్ రైల్వేకి మూలమైన నాగపట్నం, తిరుచ్చి లైను ముందు బ్రాడ్ గేజిగానే పుట్టింది. దాన్ని పని గట్టుకుని మీటర్ గేజికి కుదించారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అంతటా బ్రాడ్ గేజి చేశారు. కుట్టిన జాకెట్టు బిగుతు చేసి, మళ్ళీ కుట్లు విప్పుకున్నట్టు.

ఈ గేజి గొడవ మన తెలుగువాళ్ళకి బాగా తెలుసు, ఎందుకంటే దాని బరువు మోసింది మనమే. నెల్లూరు వైపు నుంచి వచ్చే బండ్లు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్ళవి, బ్రాడ్ గేజివి. అవి సెంట్రల్లో ఆగిపోతాయి. దక్షిణానికి వెళ్ళే బండ్లు ఇంకో కంపెనీవి, ఇంకో గేజివి, వాటికి ఎగ్మూరు స్టేషన్ 1908లో కట్టారు. ఈ రెండింటికీ మధ్య మనిషే వంతెన. సెంట్రల్లో దిగి, సామాను చంకనేసుకుని, పూనమల్లి హైరోడ్డు దాటి ఎదురుగా ఉన్న పార్కు స్టేషన్లోకి వెళ్ళాలి. అక్కడ ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కితే ఎగ్మూరు, చేట్‌పట్, నుంగంబాకం, కోడంబాకం, మాంబళం.

మామ్మగారిది కావలి దగ్గర పల్లె. 1936లో కాపురానికి వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక బియ్యం మూట, రెండు ఊరగాయ జాడీలు ఉన్నాయట. కావలి నుంచి సెంట్రల్ దాకా వచ్చిన దూరం ఒక ఎత్తు, ఆ రోడ్డు దాటడం ఒక ఎత్తు అనేవారట. కూలీవాడు ట్రంకు, మూట ఎత్తుకున్నాడు గానీ జాడీలు మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత ముప్ఫై ఏళ్ళ పాటు ప్రతి వేసవిలోనూ అదే తంతు. మా ఇంట్లో ఇప్పటికీ ఏదైనా పని అయిపోయినట్టే కనిపించి చివర్లో పేచీ పెడితే "ఇంకా పార్కులో బండి మారాలి" అంటారు. పెళ్ళైన కొత్తలో నాకు ఆ మాట అర్థమయ్యేది కాదు.

తాతగారు పేరీస్ దగ్గర ఒక వర్తక కంపెనీలో గుమాస్తా. పెళ్ళికి ముందు జార్జి టౌనులో ఒక గదిలో ఉండేవారు. కాపురం పెట్టాలంటే టౌనులో అద్దె భరించలేరు. మాంబళంలో అదే అద్దెకి ఒక ఇంటి వాటా, వెనక కాస్త పెరడు, బావి వచ్చాయి. ఇది ఒక్క మా ఇంటి కథ కాదు, ఆ ప్రాంతం కథే. 1920లలో అక్కడి లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు ఎండగట్టి, చుట్టుపక్కల నేల కలిపి ఒక కొత్త నగరం గీశారు. దానికి జస్టిస్ పార్టీ నాయకుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. అదే టి. నగర్. నడిమధ్య పార్కుకి పానగల్ రాజా పేరు. ఆయన ఇంటిపేరు పానగంటి, త్యాగరాయ చెట్టి గారింట్లోనూ తెలుగే. మద్రాసులో తెలుగువాళ్ళు ఎక్కువగా చేరిన పేటకి పునాదిలోనే తెలుగు పేర్లు పడ్డాయన్నమాట. టి. నగర్ రైలు పట్టాలకి తూర్పున, ఇంకా చవకైన పడమటి మాంబళం అవతల పక్కన. గీసిన నగరం గీసినట్టే ఉండిపోకుండా, కొన్నేళ్ళలోనే గుమాస్తాలతో, మేష్టర్లతో నిండడానికి కారణాల్లో ఈ బండి ఒకటి. పది మైళ్ళ అవతల ఉన్నా ఆఫీసుకి వేళకి చేరగలమన్న ధైర్యం అది ఇచ్చింది.

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాలనుకున్నది ఒకటుంది. టౌనులో ఉన్న కుటుంబాల మగవాళ్ళు మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినేవారు. చాలా ఇళ్ళకి కింద కొట్టు, పైన కాపురం. పని, ఇల్లు ఒకే వీధిలో. రైలు ఆ రెండింటినీ విడదీసింది. మాంబళంలో పొద్దున్న తొమ్మిది దాటితే మగమనిషి కనపడేవాడు కాదట. వేడన్నం పెట్టడం పోయి గిన్నె కట్టి పంపడం వచ్చింది. మధ్యాహ్నం ఇల్లాలు ఒక్కతే కూర్చుని తినడం వచ్చింది. ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖర్న తినే పల్లెటూరి పిల్లకి ఒంటరిగా తినడం ఎంత కొత్తో ఆలోచించండి. మామ్మగారు మొదటి ఏడాది మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదట. పక్కవాటా అరవావిడ అది గమనించి, తన కంచం పట్టుకుని వచ్చి ఈవిడ వంటింట్లో కూర్చునేదట. మామ్మగారికి తమిళం అలా వచ్చింది. మా ఇంట్లో వత్తకుళంబు అలా వచ్చింది.

గడియారం కూడా వంటింట్లోకి రైలుతోనే వచ్చిందంటారు మా అత్తగారు. అంతకు ముందు పొద్దెక్కడం, పాలమనిషి కేక, గుడి గంట. రైలొచ్చాక అన్నం ఎనిమిదింబావుకి వార్చాలి, కూర ఎనిమిదిన్నరకి దించాలి. ఒక బండి పోతే ఇంకోటి వస్తుంది గానీ, ఆ ఇంకో బండిలో నిలబడాలి. కాబట్టి ఇడ్లీపిండి ముందు రాత్రి, కూరగాయలు ముందు సాయంత్రం. నేను పెళ్ళై వచ్చాక ఆ ఇంట్లో నేర్చుకున్న పనితీరంతా ఆ టైం టేబులు నుంచి పుట్టిందే. బండి పోయినా ఆ అలవాటు పోలేదు, మావారు ఇంటి నుంచే పని చేస్తున్నా మా ఇంట్లో ఎనిమిదింబావుకి అన్నం ఉడికిపోతుంది.

1942 ఏప్రిల్లో జపాను వాళ్ళు వస్తున్నారని మద్రాసు సగం ఖాళీ అయింది. మామ్మగారు పసిపిల్లాడిని (మా మావగారిని) ఎత్తుకుని కావలి వెళ్ళిపోయారు. తాతగారు మాత్రం సీజన్ టికెట్టు జేబులో పెట్టుకుని రోజూ పేరీస్ వెళ్ళొచ్చారు, రాత్రి ఇంటికొచ్చి తనే వండుకున్నారు. ఆ నాలుగు నెలల్లో ఆయన చేసిన పప్పు గురించి ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి రాజధాని కర్నూలుకి వెళ్ళినప్పుడు సర్కారు ఉద్యోగాల తెలుగువాళ్ళు చాలామంది తరలిపోయారు. తాతగారిది ప్రైవేటు కొలువు కాబట్టి ఉండిపోయారు. సినిమావాళ్ళు కూడా ఉండిపోయారు. విజయా వాహినీ, ఏవీఎం స్టూడియోలన్నీ కోడంబాకం గేటు దాటి వడపళని వైపే. 1960లలో వంతెన కట్టేదాకా బండి వచ్చినప్పుడల్లా ఆ లెవెల్ క్రాసింగు గేటు పడేది, తారల కార్లు ఆగేవి, జనం చుట్టూ మూగేవాళ్ళు. ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కువసార్లు తిరిగే కొద్దీ గేటు ఎక్కువసార్లు పడేది మరి. సావిత్రి గారిని అక్కడే చూశానని మా మావగారు ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. మా అత్తగారు మాత్రం ఆ మాట రాగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

ఈలోగా బండి మారింది. 1950ల చివర్లో మన రైల్వేలు 25 వేల వోల్టుల ఎ.సి. కరెంటు పద్ధతి ఎంచుకున్నాయి. డి.సి. అయితే కొద్ది దూరానికో సబ్ స్టేషన్ కావాలి, లావు రాగి తీగలు కావాలి. ఎ.సి.కి అంత అక్కర్లేదు. దేశంలో మీటర్ గేజి మీద కరెంటు ఉన్నది ఈ మద్రాసు వైపే. దాన్ని విల్లుపురం దాకా పొడిగించారు. పెద్ద బండ్లు లాగడానికి జపాను నుంచి ఇరవై ఇంజన్లు తెప్పించారు. 1967లో బీచ్, తాంబరం లైను కూడా ఎ.సి.కి మారింది. పాత డి.సి. బండ్లు వెళ్ళిపోయి, పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో చేసిన కొత్త బండ్లు వచ్చాయి. వీటినే రైల్వే లెక్కల్లో వై.ఎ.యు. తరగతి అంటారు. వై అంటే మీటర్ గేజి, ఎ అంటే ఎ.సి. కరెంటు, యు అంటే మోటారు పెట్టెలూ మామూలు పెట్టెలూ కలిపిన జట్టు. మావారు ఈ మూడక్షరాలూ చెప్పేటప్పుడు మొహం చూడాలి మీరు, మనవడి నక్షత్రం చెబుతున్నట్టుంటుంది.

నాకు ఇంకో సంగతి ఎక్కువ ముచ్చటగా అనిపించింది. 1890 నాటి రైల్వే చట్టంలో 64వ సెక్షను ఒకటుంది. ప్రయాణికుల బండి ప్రతిదానిలోనూ, అన్నిటికన్నా కింది తరగతిలో, ఆడవాళ్ళకని కనీసం ఒక గది విడిగా ఉంచాలి అంటుందది. అక్కడితో ఆగలేదు. బండి యాభై మైళ్ళు దాటి వెళ్ళేదైతే ఆ గదికి మరుగుదొడ్డి కూడా ఉండాలి అంటుంది. అంటే చట్టం రాసినవాళ్ళ లెక్క ప్రకారం ఆడవాళ్ళ ఓపిక హద్దు యాభై మైళ్ళు! బీచ్ నుంచి తాంబరానికి యాభై మైళ్ళలో సగం కూడా లేదు కాబట్టి ఆ రెండో అవసరం రాలేదు. మొదటిది మాత్రం ఎంత పనికొచ్చిందో మా అత్తగారిని అడగాలి.

ఆవిడది ఒంగోలు. ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదువు. 1964లో పెళ్ళి. 1971లో మా మావగారు పని చేసే కంపెనీ మూతపడింది. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి (అంటే మావారికి) మూడేళ్ళు. మావగారు ఇంకో ఉద్యోగం వెతుక్కునే లోపు పుస్తెల తాడు మార్వాడీ కొట్టుకి వెళ్ళింది. అప్పుడు అత్తగారు పాండీ బజారులో టైపు నేర్చుకున్నారు. ఏడు నెలల్లో హయ్యరు పాసై, పేరీస్‌లోనే ఒక ఆఫీసులో చేరారు. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగిందట. మామ్మగారు ఒప్పుకోలేదు. ఆడపిల్ల ఉద్యోగం చెయ్యడం గురించి కాదు ఆవిడ బెంగ. "అంతమంది మగాళ్ళ మధ్య ఆ ఇరుకు బండిలో ఎట్టా పోతావమ్మా?" అని. అత్తగారు జవాబు చెప్పలేదు. మర్నాడు పొద్దున్న మామ్మగారిని వెంటబెట్టుకుని మాంబళం స్టేషన్‌కి వెళ్ళి, ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, బీచ్ దాకా తీసుకెళ్ళి, అదే బండిలో వెనక్కి తీసుకొచ్చారు. మామ్మగారు ఆ పెట్టెలో ఉన్న టీచరమ్మల్ని, నర్సుల్ని, పూలమ్మే ఆవిడని, టెలిఫోన్ ఆపరేటర్లని చూశారు. ఇంటికొచ్చాక, "సాయంత్రం అయిదూ ఇరవై బండికి రావాలి. పిల్లల సంగతి నేను చూస్తా," అన్నారు.

చట్టం పుణ్యమా అని ఉన్న ఆ ఒక్క పెట్టె లేకపోతే ఆ సంభాషణ ఇంకోలా ముగిసేది. మావారి చదువు కూడా ఇంకోలా ఉండేది.

ఇరవై నాలుగేళ్ళు తిరిగారు అత్తగారు. ఆ పెట్టెలో ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీశారు, పూలు కట్టారు, ఊలు అల్లారు. అక్కడ చీటీలు నడిచాయి. కంచి నుంచి చీరలు తెచ్చి వాయిదాల మీద ఇచ్చే ఆవిడ ఒకరు సైదాపేటలో ఎక్కేవారు. ఏ ఆఫీసులో ఖాళీ ఉందో, ఏ స్కూల్లో సీటు దొరుకుతుందో, ఏ డాక్టరు చెయ్యి మంచిదో పేపరు కన్నా ముందు అక్కడ తెలిసేది. మా ఆడపడుచు సంబంధం కూడా క్రోంపేటలో ఎక్కే ఒకావిడ చెప్పిందే. (క్రోంపేట అన్న పేరు అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ వల్ల వచ్చింది. ఇంత నాగరికమైన పేరు తోళ్ళ కార్ఖానా నుంచి రావడం నాకు భలే ఇష్టం.)

ఇదంతా విని మీరు అత్తగారు ఆ బండిని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారనుకునేరు. అదేం లేదు. 2004లో బండి ఆగిపోయిందని మావారు దిగులుగా చెబితే, "ఇన్నాళ్ళకైనా తీశారు," అన్నారావిడ. మాకు హైదరాబాదులో లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. విశాలమైన బ్రాడ్ గేజి పెట్టెలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఇదీ బండి అంటే" అనేవారు. మీటర్ గేజి పెట్టె సన్నం. ఎదురెదురు బల్లల మధ్య మోకాళ్ళు తగిలేవి, నిలబడ్డవాళ్ళ సంచీ కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఉండేది. మద్రాసు జనం పెరుగుతూనే ఉన్నారు, పెట్టె వెడల్పు మాత్రం పెరగదు. పట్టాల మధ్య మీటరు దూరం పెట్టినప్పుడే దాని హద్దు రాసిపెట్టేశారు. ఎక్కేటప్పుడు కమ్మీ కోసం చెయ్యి చాచడం, పమిట ఎవరి సంచీ హుక్కుకో తగులుకోవడం, గాజులు చిట్లడం, వానాకాలం తలుపు దగ్గర తడవడం, నెలసరి రోజుల్లో కూడా బీచ్ నుంచి మాంబళం దాకా నిలబడటం. ఆ బండి మీద ప్రేమంతా కిటికీ పక్కన కూర్చున్న మగపిల్లలది, అంటారావిడ. మావారు మారు మాట్లాడరు.

నేను ఇద్దరి మాటా కాదనలేను. 1999లో కొత్త కోడలిగా నేను వెళ్ళేసరికి మాంబళంలో రెండు గేజిల బండ్లూ పక్కపక్కనే తిరుగుతున్నాయి. 1992లో దేశమంతా ఒకే గేజి చెయ్యాలన్న పథకం మొదలైంది, ఆ పని అప్పటికి మద్రాసు దక్షిణ లైనుని చేరింది. ఒక పట్టాల మీద వెడల్పాటి కొత్త బండి, పక్క పట్టాల మీద సన్నటి పాత బండి. మావారు నన్ను పాతదాంట్లోనే ఎక్కించారు, సైదాపేట దాటాక అడయారు నది చూపించడానికి. పెట్టె ఊగుడు నాకు పడలేదు, కడుపులో తిప్పింది. నది బాగుంది.

విల్లుపురం వైపు లైను కూడా బ్రాడ్ గేజి అయ్యాక, మీటర్ గేజి కరెంటు బండ్లకి ఎగ్మూరు, తాంబరం మధ్య ముక్క తప్ప వెళ్ళడానికి వేరే చోటు లేదు. ఇంకో ఊరికి పంపుదామన్నా, తల మీద కరెంటు తీగ ఉన్న మీటర్ గేజి దేశంలో ఇంకెక్కడా లేదు. ఆవిరింజనుని ఇంకో లైనుకి పంపొచ్చు, డీజిలు ఇంజనుని పంపొచ్చు. ఇవి పుట్టినచోటే తిరిగి అక్కడే ఆగిపోవాల్సినవి. 1931లో ఈ లైను కోసం తెచ్చిన డి.సి. ఇంజన్లలో ఒకటి, వై.సి.జి. తరగతిది, ఢిల్లీలో చాణక్యపురి రైల్ మ్యూజియంలో ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు మావారు దాని పక్కన నిలబడి అరగంట చెప్పారు. అత్తగారు చెట్టు నీడన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచారు.

అవి పోయాక ఆ పట్టాలు కూడా బ్రాడ్ గేజి చేశారు. దాంతో సెంట్రల్‌కీ ఎగ్మూరుకీ మధ్య ఉన్న గేజి గోడ పోయింది. కాకినాడ నుంచి వచ్చే సర్కారు ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా ఎగ్మూరు చేరి, మాంబళం దాటి చెంగల్పట్టు వైపు వెళుతుంది. మన హైదరాబాదు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ కూడా తాంబరం దాకా వెళుతుంది. పోయినేడు అత్తగారి చెల్లెలు కావలి నుంచి మాంబళంలో ఉన్న కూతురింటికి వెళ్ళారు, ఆవకాయ, మాగాయ, గోంగూర మూడు డబ్బాలతో. ఎక్కినచోట ఎక్కి, దిగాల్సినచోట దిగారు. ఫోన్లో ఆ మాట చెప్పగానే అత్తగారు, "పార్కులో మారలేదూ?" అని రెండుసార్లు అడిగారు.